రసాయనశాలలో స్వరాజ్యము

1947లో దేశమునకు స్వరాజ్యము వచ్చినది. మన విశ్వవిద్యాలయముల రసాయనశాలలలో పెక్కింటికి మాత్ర మది యింకను రాలేదు. విద్యార్థి బ్యూరెట్టు చేత బట్టును. రావలసిన యంకె నిరుటివాని రికార్డు పుస్తకములో ముందే యుండును. ద్రావణపు రంగు ఎప్పుడు మారినను ఆ యంకెయే వ్రాయబడును. వేరొక యంకె వచ్చినచో ఎందుకు వచ్చినదని యడుగువారు లేరు. మార్కులు తగ్గునను భయ మొక్కటే కలదు. ఇది శాస్త్రాభ్యాసమా, లేఖకవృత్తియా?

1896లో ఆచార్య ప్రఫుల్లచంద్ర రాయి కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో తా నూహింపని పసుపుపచ్చని స్ఫటికములను గాంచెను. వానిని పారవేయక పరీక్షించెను గనుకనే మెర్క్యురస్ నైట్రైటు లోకమునకు దెలిసినది. నేటి మన పద్ధతిలో ఆ స్ఫటికములు తొట్టిలో పడి కొట్టుకొనిపోయి యుండెడివి!

నేరము విద్యార్థిది కాదు. బాల్యమునుండియు ప్రశ్నను జవాబును కలిపి మ్రింగించి, నేడు హఠాత్తుగా స్వయముగా నేర్చుకొమ్మనుట ఈత నేర్పక యేటిలో ద్రోయుటయే. చేయూతను క్రమముగా సడలింపవలెను. మొదటి యేట ఉపాధ్యాయుడు పద్ధతిని జూపవలెను. రెండవ యేట ప్రశ్న నొసగి, పద్ధతిని విద్యార్థిచేతనే వెదకింపవలెను. మూడవ యేట ప్రశ్నయు విద్యార్థిదే కావలెను. అయితే తాను వాడబోవు పదార్థముల ప్రమాదమును, తా నాశించు ఫలితమును ముందుగా వ్రాసి చూపి, అనుమతి పొందిన పిదపనే వాడు ప్రయోగమునకు బూనుకొనవలెను.

ప్రశ్నలకు కఱవా? త్రాగునీటి ఫ్లోరైడు తెచ్చిపెట్టు ఎముకల వ్యాధిని 1937లోనే నాటి నెల్లూరు జిల్లాలో వైద్యులు గుర్తించిరి. నల్లగొండ పల్లెలు దానివలన బడిన బాధ జగద్విదితము. లీటరునకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. విద్యార్థి తన యూరి నూతినీటిని సీసాలో దెచ్చి పరీక్షించుగాక! ఆ యంకె యే రికార్డు పుస్తకములోను దొరకదు. ఆ నీరు త్రాగువారు తన తల్లిదండ్రులు; కావున తప్పిన కొలతను దాచుటకు చేయి రాదు.

ఇట్లయిన పాఠ్యభాగము ముగియదని కొంద ఱందురు. ముగించినందువలన మిగిలిన దేమి? పట్టముతో బయటికి వచ్చి, చెప్పువాడు లేనిదే సీసామూత తీయజాలని పట్టభద్రులు! విశ్వవిద్యాలయాధికారులను మేము కోరున దొక్కటే: పరీక్షలో సరియైన యంకెకంటె దానిని చేరిన త్రోవకును, పొరపాటును కనిపెట్టిన వివేకమునకును ఎక్కువ మార్కు లిండు. పరీక్ష మారిననాడు బోధన తానే మారును. చెప్పినది వ్రాయు చేతులు మనకు చాల గలవు. అడుగు నోళ్లు కావలెను.