హోపింగు, హాపింగు, చిట్టెలుక

ఆంగ్లపదానికి ప్రత్యయం చేరినపుడు వర్ణక్రమం మారుటను మన బడులలో జాబితాగా బట్టీ పట్టించుట పాత అలవాటు. కళ్యాణదుర్గం, రాయదుర్గం వైపు పల్లెలలో వేరుశనగ పోయిన ఏట తల్లిదండ్రులు బెంగళూరుకు కూలికి పోతారు. అవ్వ దగ్గర ఉండి చదువుకొనే పిల్లకు ఇంట్లో చెప్పేవారెవరు? అట్టి పిల్లకు సూత్రం చెప్పక జాబితా ఇచ్చుట అన్యాయం. ఆ సూత్రం చెప్పదగినవాడు తెలుగు పండితుడే అని నా అభిప్రాయం. నవ్వుకొనేవారు నవ్వుకొందురు గాక.

'హోప్' చివర పలకని 'ఈ' ఉన్నది. 'ఇంగ్' చేరగానే అది లోపిస్తుంది. 'ఫుల్' చేరితే నిలుస్తుంది. ఏలననగా మొదటిది అచ్చుతో మొదలైనది, రెండవది హల్లుతో. రాముడు, అతడు కలిసి 'రాముడతడు' అయినపుడు ఉకారం పోవుటకు కారణమూ పరమైన అచ్చే కదా! ఉత్వసంధి చదివిన పిల్లకు ఇది కొత్త సంగతి కాదు. 'బేబీ' బహువచనంలో 'వై' మారుటా వింత కాదు. మన బండి బండ్లు కాలేదా?

చిక్కంతా ద్విత్వం వద్ద ఉన్నది. ఒంటికాలితో గెంతుట అనే అర్థంగల 'హాప్'కు 'ఇంగ్' చేరితే 'పీ' రెండవుతుంది. చిఱు, ఎలుక కలిసి చిట్టెలుక అయినట్లే అని పండితుడు సంబరపడరాదు. చిట్టెలుకలో ద్విత్వాన్ని మనం పలుకుతాము. ఆంగ్లేయుడు ఆ రెండు 'పీ'లను ఒక్కటిగానే పలుకుతాడు. రెండవది ముందున్న అచ్చు హ్రస్వమని తెలుపుటకు మాత్రమే. అది లేనిచో మాట 'హోపింగ్' అగును. మన పిల్లలు 'బిగిన్నింగ్' అని నొక్కి పలుకుట మొద్దుతనం కాదు. వ్రాసినది వ్రాసినట్లు పలికే లిపిలో పెరిగిన బిడ్డలు వారు. ఈ మాట చెబితే చాలు, బెత్తం అక్కరలేదు.

ప్రభుత్వ పాఠశాలలలో ఆంగ్లమాధ్యమానికి 2019 నవంబరులో ఉత్తర్వు వచ్చినది, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దానిని కొట్టివేసినది. ఆ వాదులాటలో రెండు భాషలనూ సవతులుగా చూచుటే నాకు ఎక్కువగా వినబడినది.

ఒకచోట మాత్రం మన వ్యాకరణం అక్కరకు రాదు. 'బిగిన్'కు 'ఎన్' రెండవుతుంది, 'విజిట్'కు 'టీ' రెండు కాదు. ఊనిక చివరి అక్షరంపై ఉన్నచోటనే ద్విత్వం. అట్టి ఊనిక తెలుగులో లేదు గనుక చెవికి వినిపించి చెప్పవలసినదే. 'ట్రావెల్' సంగతి మరీ విచిత్రం. అక్కడ ఊనిక మొదటనే ఉన్నా బ్రిటిషువారు 'ఎల్' రెండు వ్రాస్తారు. నోవా వెబ్‌స్టర్ బాట పట్టిన అమెరికనులు ఒకటే వ్రాస్తారు. ఎర్రసిరా పెట్టేముందు పేపరు దిద్దేవారు ఆ సంగతి చూచుకొనవలెను.