దవడ బిగిస్తే... హెచ్చరికే!

కాలు విరిగి ఆస్పత్రికి వచ్చిన కుర్రాడు దేని గురించి భయపడతాడు? విరిగిన కాలి గురించే కదా! 1960లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో ఓ 21 ఏళ్ల విద్యార్థి మాత్రం మత్తుమందుకు భయపడ్డాడు. తన బంధువుల్లో పదిమంది ఈథర్ మత్తు ఇచ్చినప్పుడే చనిపోయారని డాక్టర్లకు చెప్పాడు. వాళ్లు ఈథర్‌ మానేసి, అప్పటికి కొత్తదైన హాలోథేన్ ఇచ్చారు. కాసేపటికే బీపీ పడిపోయింది. ఒళ్లు కాలిపోసాగింది. వెంటనే మత్తు ఆపేసి, ఐస్‌తో చల్లబరిచి బతికించారు. మైకేల్ డెన్‌బరో అనే వైద్యుడు, ఆయన సహచరులు ఆ కుటుంబ చరిత్రంతా ఆరా తీసి, ఇది వంశపారంపర్యంగా వచ్చే లోపమని తేల్చారు. అదే మాలిగ్నెంట్ హైపర్‌థెర్మియా.

ఇంతకీ ఒంట్లో జరిగేదేమిటి? కండరం బిగుసుకోవాలంటే దానిలో కాల్షియం విడుదల కావాలి. ఈ లోపం ఉన్నవారికి పీల్చే మత్తుమందులు గానీ, కండరాలను వదులు చేసే సక్సినైల్‌కోలిన్ గానీ ఇస్తే ఆ కాల్షియం అదుపు తప్పుతుంది. కండరాలు బిగుసుకుపోయి విపరీతమైన వేడి పుట్టిస్తాయి.

తొలి హెచ్చరిక ఒక్కోసారి దవడ దగ్గరే కనిపిస్తుంది. సక్సినైల్‌కోలిన్ ఇచ్చాక వదులు కావాల్సిన దవడ ఉక్కులా బిగుసుకుంటుంది. నోరు తెరుచుకుంటేగా గొంతులోకి ట్యూబు వేసేది! అలాంటప్పుడు మత్తు డాక్టరు దవడతో కుస్తీ పట్టరు. మాస్కు పెట్టి ఆక్సిజన్ అందిస్తారు. చాలామందిలో నోరు తెరుచుకోకపోయినా మాస్కుతో ఊపిరి అందుతుంది. కొద్ది నిమిషాల్లో దవడ కూడా సడలుతుంది. ఈలోగా అనుమానమున్న మందులు ఆపేసి, ఊపిరిలో బయటికొచ్చే కార్బన్ డయాక్సైడ్‌నూ, గుండెనూ, ఉష్ణోగ్రతనూ కనిపెట్టి చూస్తారు. ఆగగలిగే ఆపరేషన్ అయితే వాయిదా వేస్తారు.

దవడ బిగిసినవారందరికీ ఈ లోపం ఉన్నట్టు కాదు. ఉంటే మాత్రం డాంట్రోలిన్ ఇంజెక్షనే దిక్కు. అమెరికాలో 1979లో దీనికి అనుమతి వచ్చింది. అది లేని రోజుల్లో ఈ ఉపద్రవం వచ్చిన పదిమందిలో ఏడెనిమిది మంది ప్రాణాలు దక్కేవి కావు.

ఇది చాలా అరుదు. కానీ తల్లికో తండ్రికో ఉంటే, పుట్టే ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగానికి సగం. పైగా ఒకసారి మత్తు సాఫీగా పనిచేసిందని నిశ్చింతగా ఉండటానికీ లేదు. అందుకే ఆపరేషన్‌కు ముందు ‘మీ ఇంట్లో ఎవరికైనా మత్తు వికటించిందా?’ అని డాక్టరు అడిగితే తేలిగ్గా తీసుకోవద్దు. తాతయ్యో, మేనత్తో ఆపరేషన్ బల్లమీదే పోయారని విని ఉంటే, డాక్టరు అడక్కపోయినా చెప్పండి. వెన్నుకిచ్చే మత్తు, ప్రొపొఫాల్ వంటి సురక్షితమైన దారులు ఉన్నాయి. ఆ సంగతి ముందే తెలిస్తేనే కదా, డాక్టరు ఆ దారి పట్టేది!