అమ్ముడుపోవునది చిత్రమా, అనుజ్ఞయా?

పాతకాలపు తెలుగు పుస్తకమును తెఱచినచో ముఖపత్రము వెనుక "సర్వస్వామ్య సంకలితము" అను మాట కనబడుట పరిపాటి. ఆ మాటకు అర్థమేమో విచారింపవలసిన అవసరము విద్యార్థులకు నిన్న మొన్నటివరకు కలుగలేదు. గ్రంథములు వ్రాయువారు కొందఱు, చదువువారు పలువురు. స్వామ్యముతో పని ఆ కొందఱికే. నేడట్లు కాదు. చేతనున్న ఫోనుతో గోదావరిగట్టున సూర్యోదయమును చిత్రించిన కళాశాలా విద్యార్థి, పదునెనిమిదేండ్లు నిండినవాడైనచో, దానిని అంతర్జాలములోని చిత్రవిక్రయ సంస్థకు పంపవచ్చును. పంపునపుడు దీర్ఘమైన ఒప్పందపత్రమొకటి తెరమీద ప్రత్యక్షమగును. అంగీకరించుచున్నానని ఒకచోట వ్రేలు మోపుటతో పని ముగియును. పూర్వము షావుకారు పత్రముమీద నిశానీ వేసిన రైతునకు చదువు రాదు. ఇతనికి వచ్చును గాని చదువడు. ఆ వ్రేలిముద్రతో ఇతడిచ్చినదేమి, పుచ్చుకొన్నదేమి?

ఈ వర్తకమున చిత్రము అమ్ముడుపోదు. అమ్ముడుపోవునది అనుజ్ఞ. మామిడిపండు అమ్మినవాని చేత పండు మిగులదు. చిత్రమట్లు కాదు, స్వామ్యము తీసినవానియందే యుండగా, వాడుకొనుటకు అనుమతి మాత్రమే కొన్నవానికి సంక్రమించును. ఇల్లు అద్దెకిచ్చుట వంటిదే యనవచ్చును గాని, ఒకే ఇంట ఒకే దినమున వేయి కాపురములు చేయుట లోకమున కానము, చిత్రమునకది సాధ్యము. ఈ గుణమే ఈ వ్యాపారమునకు ప్రాణము.

ఇది అంతర్జాలముతో పుట్టిన వ్యాపారము కాదు. అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున హెచ్. ఆర్మ్‌స్ట్రాంగ్ రాబర్ట్స్ 1920లోనే ఇట్టి చిత్రములను నిలువచేసి అనుజ్ఞలనమ్ము సంస్థను నెలకొల్పెను. నాజీల జర్మనీనుండి 1935లో రెండు పెట్టెల నిండ చిత్రములతో న్యూయార్కు చేరిన ఆటో బెట్మన్ మరుసటి యేడు స్థాపించిన భాండాగారము లోకప్రసిద్ధి గాంచెను. ఆ దినములలో అనుజ్ఞను కొలిచి ఇచ్చెడివారు. ఏ పత్రికలో, ఎంత పరిమాణమున, ఎన్ని ప్రతులలో, ఏ దేశమున, ఎన్ని నెలలు అను వానికన్నిటికిని లెక్క యుండెడిది. ముఖచిత్రమునకొక ధర, లోపలి పుటకొక ధర. బెట్మన్ భాండాగారమును 1995లో బిల్ గేట్సు స్థాపించిన కార్బిస్ సంస్థ కొనెను. ఫిల్ములు చెడిపోకుండుటకై పెన్సిల్వేనియాలోని పాత సున్నపురాతి గనిలో చల్లని గదులు కట్టి దాచిరి. 2016లో కార్బిస్ వారి అనుజ్ఞల వ్యాపారము విజువల్ చైనా గ్రూపు వశమయ్యెను. ఇన్ని చేతులు మాఱినదానిలో విలువైనది ఫిల్ములు గావు. వానిని వాడుకొననిచ్చు అధికారము.

2000 సంవత్సరమున కెనడాలోని కాల్గరీలో ఐస్టాక్‌ఫొటో పుట్టుటతో ఆ పాత కొలత తప్పెను. మొదట దాని సభ్యులు తమ చిత్రములను ఒండొరులకు ఉచితముగా ఇచ్చిపుచ్చుకొనిరి. పిమ్మట స్వల్పమూల్యమున కమ్మజొచ్చిరి. ఇందువలన ఏమి జరిగెనో 2006లో అమెరికా పత్రికయగు 'వైర్డ్' ఒక వృత్తాంతముతో చూపెను. ఆరోగ్యవిషయకమైన ప్రదర్శనశాల యొకటి రోగుల చిత్రములకై వృత్తి ఛాయాగ్రాహకునడుగగా అతడు తన మామూలు ధర తగ్గించి, చిత్రమునకు 100, 150 డాలర్ల మధ్య చెప్పెను. బేరము నడుచుచుండగనే వారు ఐస్టాక్‌ఫొటోను కనుగొనిరి. అచట అటువంటి చిత్రములే యించుమించు డాలరొకటింటికి దొరకినవి! ఆ యేడే గెట్టీ ఇమేజెస్ సంస్థ ఐస్టాక్‌ఫొటోను 5 కోట్ల డాలర్లకు కొనెను. ఎదుట చౌకయంగడి లేచినపుడు పెద్ద అంగడివాడు చేయుపని అదియే గదా.

ఈ కొత్త అనుజ్ఞకు "రాయల్టీ-ఫ్రీ" అని పేరు. ఈ పేరు పలువురను మోసగించుచున్నది. దీని యర్థము ఉచితమని కాదు. ఒక్కసారి వెల యిచ్చినచో ఒప్పందపు హద్దులలో పలుమాఱులు వాడుకొనవచ్చుననియు, వాడినపుడెల్ల మరల చెల్లింపనక్కఱలేదనియు మాత్రమే. పాఠము చెప్పు సందర్భమున ఉపాధ్యాయుడు గాని విద్యార్థి గాని చిత్రమునకు ప్రతి తీసినచో 1957 నాటి మన కాపీరైటు చట్టము 52వ సెక్షను తప్పుపట్టదు. అదే చిత్రమును ఆ పాఠశాల తన ప్రవేశముల ప్రకటనలో అచ్చువేసినచో ఆ రక్షణ వర్తింపదు. తరగతి గోడ దాటగానే అనుజ్ఞ కావలెను.

ఇదంతయు దోపిడియే యనుట న్యాయము కాదు. వెనుకటి చిత్రసంస్థలలో చోటు దొరకుట సామాన్యులకు దుర్లభము. మహానగరములలో పరిచయములున్నవారికే ఆ ద్వారములు తెఱచుకొనెడివి. ఇప్పుడు మారుమూల పల్లెలోని యువకుడు కూడ తన పొలమును, సంతను, జాతరను ప్రపంచపు విపణిలో నిలుపగలడు. చిన్న ప్రకాశకులు కూడ కొనగల ధరలు వచ్చినవి. చిక్కు ధర తగ్గుటలో లేదు. ఆ ధరను నిర్ణయించుట, మార్చుట, పంచుట యను మూడు పనులును ఒకే పక్షపు చేతిలో నుండుటలో నున్నది.

షటర్‌స్టాక్ చరిత్రలో ఇది తేటపడును. జాన్ ఓరింజర్ తాను తీసిన సుమారు 30,000 చిత్రములతో 2003లో దీనిని న్యూయార్కులో స్థాపించెను. కొనువాడు నెలచందా కట్టి పెక్కు చిత్రములను దింపుకొనవచ్చును. అట్లు దింపుకొన్న ప్రతి చిత్రమునకు తీసినవానికి 25 సెంట్లు మొదలుకొని, అతడు అంతవరకు ఆర్జించిన మొత్తమును బట్టి 38 వరకు స్థిరముగా ముట్టుచుండెను. 2020 జూన్ 1 నుండి సంస్థ ఈ పద్ధతిని మార్చివేసెను. నూటికి 15 వంతులు మొదలు 40 వంతుల వరకు ఆఱు మెట్లు ఏర్పరచి, ఒక్క దింపుడుకు కనిష్ఠ ప్రతిఫలము 10 సెంట్లని పెట్టెను. నేటి మారకమున అది ఎనిమిది తొమ్మిది రూపాయలు. అంతకంటె విచిత్రమైన నిబంధన వేఱొకటి కలదు. ఏడాది పొడవున అమ్మకములు పెంచుకొని పైమెట్టు చేరినవాడు సైతము జనవరి 1న మరల మొదటి మెట్టునకు దిగవలసినదే! ఇరువదియేండ్లు పనిచేసిన పంతులుగారి ఇంక్రిమెంట్లను ప్రతి సంక్రాంతికి ముందు తుడిచివేసినచో ఉపాధ్యాయ సంఘములు ఊరకుండునా? ఛాయాగ్రాహకులును ఊరకుండలేదు, కొందఱు తమ చిత్రములను అమ్మకమునుండి ఉపసంహరించుకొనిరి. కాని లోకమంతట చెదరియున్నవారు, ఒకరి ముఖమొకరెఱుగనివారు, ఎంతకాలము కట్టుగా నిలువగలరు? నిబంధనలు నిలిచినవి.

దీని ప్రక్కన చార్లెస్ ఓరియర్ కథ నుంచి చూడవలెను. 1996 జనవరిలో కాలిఫోర్నియాలోని సొనోమా ప్రాంతమున కారులో పోవుచు, వానవెలిసిన పచ్చనిగుట్టను, నీలాకాశమును చూచి ఆగి చిత్రము తీసెను. దానిని చిత్రసంస్థలో నుంచెను. 2000లో మైక్రోసాఫ్ట్ దాని సర్వహక్కులను కొనెను. మరుసటి యేడు వెలువడిన విండోస్ ఎక్స్‌పీతో ఆ పచ్చనిగుట్ట మన పాఠశాలల కంప్యూటరు గదులలో సైతము వెలసెను. ఎంతకు కొనిరో చెప్పరాదని ఒప్పందము. కాని మూల ఫిల్మును పంపబోగా దాని విలువకు పూచీపడుటకు తపాలా సంస్థలు జంకెననియు, ఓరియర్ తానే విమానమెక్కి తీసికొనిపోయి అప్పగించెననియు ప్రసిద్ధి. అది నిజముగ విక్రయము. చిత్రము పోయినది, వెల వచ్చినది. పది సెంట్ల విధానమున చిత్రము పోదు, వెలయు రాదు. రెంటికిని నడుమ అనుజ్ఞ యొకటి వ్రేలాడుచుండును.

మన చట్టము ఛాయాగ్రాహకునికి ఏమి యిచ్చినది? 2012 సవరణకు పూర్వము ఛాయాచిత్రముపై స్వామ్యము ప్రకటించిన నాటినుండి 60 ఏండ్లు. ఇప్పుడు కవికి వలెనే అతని జీవితకాలము, దానిపై 60 ఏండ్లు. ఇది గౌరవము. 19వ సెక్షను ప్రకారము హక్కుల బదిలీకి వ్రాతపత్రముండవలెను. కాలము చెప్పనిచో అయిదేండ్లనియు, ప్రదేశము చెప్పనిచో భారతదేశము వరకేననియు గ్రహింపవలెను. ఇదే నియమము అనుజ్ఞలకును తగినట్లు వర్తించునని 30ఏ సెక్షను చెప్పుచున్నది. ఎంత చక్కని రక్షణ! కాని యిది మౌనముగా నున్న పత్రమునకే రక్షణ. సంస్థల పత్రములు ఈ విషయమున మౌనము వహింపవు. ప్రపంచమంతటను అని స్పష్టముగా వ్రాసికొనును; వివాదము వచ్చినచో సాధారణముగా తమ దేశపు చట్టమే ప్రమాణమని చేర్చుకొనును. మఱియొక సంగతి పెండ్లిండ్ల ఫొటోలు తీయువారు గమనింపదగినది. డబ్బిచ్చి తీయించుకొన్న చిత్రమునకు, వేఱు ఒప్పందము లేనియెడల, తీయించుకొన్నవారే తొలి స్వాములని 17వ సెక్షను నియమము. పెండ్లికూతురి చిత్రము ఎంత అందముగా కుదిరినను దానిని అమ్మకమునకు పెట్టు హక్కు ఛాయాగ్రాహకునకు లేదు.

పెండ్లికూతురి ప్రసక్తితో ఇంకొక అనుజ్ఞ గుఱించి చెప్పవలసియున్నది. అది చిత్రములోని మనుష్యునిది. ప్రకటనలకై అమ్ము చిత్రమున ముఖము పోల్చదగినట్లున్నచో ఆ వ్యక్తి సంతకము చేసిన సమ్మతిపత్రము కావలెనని సంస్థలు కోరును. పత్రము లేని చిత్రము వార్తలకు, బోధనకు మాత్రమే అమ్మబడును. సమ్మతి యిచ్చినవానికైనను తాను దేనికి సమ్మతించెనో పూర్తిగా తెలియదు. హంగరీ దేశపు విద్యుత్ ఇంజనీరు ఆండ్రాష్ అరాటో కొన్ని చిత్రములకు నిలిచి, కొంతకాలమునకు అంతర్జాలమున వెదకగా ఒకచోట తాను వైద్యుడై యుండెను. పిదప "బాధను దాచుకొను హెరాల్డ్" అను పేర లోకమంతటికి పరిహాసపాత్రమయ్యెను. ఆయన మొదట నొచ్చుకొని, తరువాత ఆ కీర్తినే జీవనోపాధిగా మలచుకొనెను. అది ఆయన నిబ్బరము. అందఱికిని అట్టి అవకాశము కలుగదు. 2018 ఆగస్టులో తెలంగాణ ప్రభుత్వపు రైతుబీమా, కంటివెలుగు పథకముల ప్రకటనలలో ఒకే స్త్రీ వేఱువేఱు పురుషుల ప్రక్కన భార్యగా కనబడుట వివాదమయ్యెను. ఇది చిత్రవిక్రయ సంస్థల నేరమనుట కాదు. పేదరాలి ముఖము 'రైతుభార్య' యను సామాన్యవస్తువుగా మాఱినపుడు ఆమెకొక పేరు, ఒక భర్త, ఒక ఊరు కలవను సంగతి బొమ్మలు కూర్చువానికి తట్టదు. ఊరిలో ఆమె తలయెత్తుకొని తిరుగవలెనను సంగతి అసలే తట్టదు.

స్వామ్యము వేఱు, అనుజ్ఞనమ్ము శక్తి వేఱు అనుటకు మఱొక నిదర్శనము కేరల్ హైస్మిత్ వ్యాజ్యము. ఈమె తన వేలకొలది చిత్రములను ప్రజల ఉచితోపయోగమునకై అమెరికా పార్లమెంటు గ్రంథాలయమునకు సమర్పించెను. 2016లో ఆమె సంస్థ వెబ్‌సైటున ఆమె చిత్రమునే వాడినందుకు 120 డాలర్లు చెల్లింపుడని ఆమెకే తాఖీదు వచ్చెను! ఆమె గెట్టీ మొదలగువారిపై 100 కోట్ల డాలర్లకు దావా వేసెను. న్యూయార్కు న్యాయస్థానము అందులోని ముఖ్యమైన అభియోగములను ఆ యేడే త్రోసివేసెను. అందఱికి ఇచ్చివేసిన వస్తువును మఱొకడు వెలకు అమ్ముచున్నాడని అడ్డగించుటకు దాతకు అధికారము మిగులలేదు.

ఇంతలో యంత్రము వచ్చినది. మాటలు చెప్పిన చాలును, బొమ్మను గీయు కృత్రిమమేధ, కోట్లకొలది చిత్రములను చూచి నేర్చుకొనినది. ఓపెన్ఏఐకి తన చిత్రములను శిక్షణకై యిచ్చినట్లు షటర్‌స్టాక్ 2022లో ప్రకటించి, తీసినవారికై ఒక నిధినేర్పరచెను. అడోబీ సంస్థ 2023లో తన భాండాగారములోని చిత్రములతో 'ఫైర్‌ఫ్లై'ని సిద్ధపరచెను. మేము దీనికి ఒప్పుకొనలేదని కొందఱు ఛాయాగ్రాహకులు మొఱపెట్టగా, పాత ఒప్పందములోనే ఆ అధికారము కలదని సంస్థ సమాధానము. వ్రేలు మోపిన నాడు ఆ వాక్యమున ఇట్టి యంత్రము దాగియున్నదని ఎవరు ఊహించిరి?

గెట్టీ మాత్రము 2023లో స్టెబిలిటీ ఏఐపై వ్యాజ్యములు వేసెను. 1 కోటి 20 లక్షలకు పైగా చిత్రములను అనుజ్ఞ లేక వాడిరని అమెరికాలో ఆరోపణ. లండన్ హైకోర్టున 2025 నవంబరు 4న తీర్పు వచ్చెను. శిక్షణ ఇంగ్లండులో జరిగినదని చూపలేక ఆ అభియోగమును గెట్టీ నడుమనే విరమించుకొనెను. శిక్షణ పొందిన నమూనాలో చిత్రముల ప్రతులు నిలువయుండవు గావున కాపీరైటు భంగము లేదని న్యాయమూర్తి నిర్ణయించెను. నెగ్గిన స్వల్పాంశమొక్కటే: యంత్రము గీసిన కొన్ని బొమ్మలపై గెట్టీ ముద్ర వంకరటింకరగా వెలువడినందున ట్రేడుమార్కునకు భంగము కలిగినది. అనగా సంస్థ పేరుకు రక్షణ దొరకెను, చిత్రమునకు దొరకలేదు.

ఈ స్థితికి మన చట్టమున ఒక మందు కలదు. 2012 సవరణ 18వ సెక్షనునకు ఒక నియమమును చేర్చెను. బదిలీనాడు వాడుకలో లేని మాధ్యమమునకు గాని ప్రయోగమునకు గాని, పత్రమున ప్రత్యేకముగా చెప్పనిదే, ఆ బదిలీ వర్తింపదు. సినిమాపాటల రచయితల పోరాటఫలమిది. కాని ఈ మాటలు స్వామ్యమును బదిలీచేయు పత్రమును గుఱించినవి. 30ఏ సెక్షను అనుజ్ఞలకు వర్తింపజేసినది 19వ సెక్షనును మాత్రమే, 18ని కాదు. సర్వమును అమ్ముకొన్నవానికి దొరకిన ఆశ్రయము, స్వామ్యమును నిలుపుకొని అనుజ్ఞ మాత్రమిచ్చినవానికి అక్షరముల మేరకు దొరకకున్నది.

2025 డిసెంబరులో కేంద్రప్రభుత్వపు పరిశ్రమల, అంతర్గత వాణిజ్య ప్రోత్సాహక విభాగము ఈ విషయమై ఒక పత్రమును చర్చకు పెట్టెను. న్యాయముగా లభించిన కృతులను యంత్రశిక్షణకు వాడుకొనుటకు ఎవరి యనుమతియు వేడనక్కఱలేదు; వలదనుటకు స్వామ్యదారునికి వీలుండదు; అందుకు మాఱుగా కంపెనీల ఆదాయమునుండి ప్రతిఫలమును కేంద్రసంస్థ యొకటి వసూలుచేసి పంచును. ఇది ఆ ప్రతిపాదన సారాంశము. బలహీనునకు ఏదో కొంత ముట్టునను వాదమున బలము లేకపోలేదు. కాని కాదనజాలని అనుజ్ఞను అనుజ్ఞ యనవచ్చునా? మఱియు చిత్రమొకటి ఇదివఱకే విక్రయసంస్థ చేతిలో నున్నయెడల ఆ ప్రతిఫలము సంస్థపాలా, తీసినవానిపాలా? దానికి సమాధానము కొఱకు మరల ఆ దీర్ఘమైన ఒప్పందపత్రమునే విప్పి చదువవలసియుండును.