భగీరథ పైపు పక్కపొంటి తీగ

ఇంటర్నెట్ ముచ్చటొస్తే మంథనోళ్లం జెర కాలర్ ఎగరేస్తం. ఎందుకంటరా, సూడుండ్రి. 1957 నుంచి ఇరవై ఏండ్లు మాకు ఎమ్మెల్యే పీవీ నరసింహారావు. గాయినె ప్రధానమంత్రిగ ఉన్నప్పుడు, 1995 ఆగస్టు 15 నాడు, సర్కారు ఫోన్ కంపెనీ వీఎస్‌ఎన్‌ఎల్ దేశంల మామూలు జనానికి ఇంటర్నెట్ ఇచ్చుడు షురువు చేసింది. ఇప్పుడు రాష్ట్రానికి ఐటీ మంత్రి ఎవలంటే మల్ల మా ఎమ్మెల్యేనే, శ్రీధర్‌బాబు. "మొదలూ మనదే, కొసా మనదే" అని చాయ్ హోటల్ కాడ ఎవలన్న అంటే కాదనేటోడు లేడు. గని ఆ మొదలుకు ఈ కొసకు నడుమ ముప్పై ఏండ్లు కావట్టె.

అప్పట్ల నెట్ అంటే పెద్ద పట్నాలల్ల ఫోన్ తీగ మీద కీచుకీచుమనుకుంట వచ్చేది. 2004ల సర్కారు పాలసీ రాసి, 256 కేబీపీఎస్ వస్తే చాలు, అది బ్రాడ్‌బ్యాండే అన్నది. ఇయ్యాల గంత స్పీడుల మనుమడు వాట్సాప్‌ల వీడియో పంపితే, అది తెరుసుకునే లోపల చాయ్ తాగి రావచ్చు. ఇగ 2011 అక్టోబర్ల కేంద్రం పెద్ద లెక్కే తీసింది: రెండున్నర లక్షల పంచాయతీలకు ఫైబర్ తీగ. రెండేండ్ల పని అన్నరు. 2015ల దానికి భారత్‌నెట్ అని పేరు మార్చిన్రు. పేరు మార్చుడు తొందరగనే అయింది, తీగ గుంజుడే కాలే. మొదటి లక్ష పంచాయతీలు అయ్యేసరికి 2017 డిసెంబర్ వచ్చింది. 2023 ఆగస్టుల మల్ల 1.39 లక్షల కోట్లు మంజూరు చేసి, ఈసారి రింగు లెక్క గుంజుదాం, ఒక దిక్కు తెగినా ఇంకో దిక్కు నుంచి వస్తది, అన్నరు.

మన తెలంగాణల చేసిన ఉపాయం మాత్రం నాకు మస్తు నచ్చింది. నల్లా నీళ్ల కోసం మిషన్ భగీరథ పైపులకు ఊరూరా కందకం తవ్విన్రు గదా. గదే కందకంల పక్కపొంటి ఇంకో సన్నటి ప్లాస్టిక్ గొట్టం ఏసిన్రు. తవ్వుడు ఒక్కసారే, పని రెండు. ఈ పనిల పైసలు ఎక్కువ పోయేది తవ్వుడుకే మరి. గొట్టంల తీగను ఎట్ల జొర్రగొడ్తరనుకున్నరు? కంప్రెసర్ పెట్టి గాలితోని ఊదుతరు! ఇదంత చూసేటిది టీ-ఫైబర్, అంటే తెలంగాణ ఫైబర్ గ్రిడ్ కార్పొరేషన్. ఆంధ్రోళ్లు వేరే తొవ్వ పట్టిన్రు, కరెంటు స్తంభాల మీదికెల్లి గుంజిన్రు. తొందరగ అయింది. 2017 డిసెంబర్ల రాష్ట్రపతి కోవింద్ వచ్చి చాలు చేసిండు, అప్పుడు నెలకు 149 రూపాయలు. గని గాలిదుమారం వస్తే స్తంభంతోపాటు నెట్ కూడా పడ్తది. భూమిల ఉన్నదానికి గా భయం లేదు. దానికి జేసీబీ భయం.

2024 డిసెంబర్ 8 నాడు టీ-ఫైబర్ ముందుగాల కొన్ని ఊర్ల ఇండ్లకు నెట్ ఇచ్చింది. సంగారెడ్డి దిక్కు సంగుపేట, నారాయణపేట దిక్కు మద్దూరు, మా దిక్కు ముత్తారం మండలం అడవి శ్రీరాంపూర్. ఇంట్ల ఉన్న టీవీనే కంప్యూటర్ లెక్క వాడుకోవచ్చన్నరు. గిది చిన్న ముచ్చట కాదు. ఫోన్‌ల నెట్ ఉన్నది గదనే, తీగెందుకు అనేటోళ్లున్నరు. ఇంట్ల ఉన్న ఒక్క ఫోన్ నాయిన పొలం కాడికి పట్కపోతే బిడ్డ పరీక్ష ఫారం ఆడనే ఆగుతది, గందుకు.

అసలు పేచీ పంచాయతీ ఆఫీసు కాడికి వచ్చినంక మొదలైతది. తీగ ఆడిదాంక వచ్చి ఒక డబ్బాల జొర్రుతది. లెక్క ప్రకారం ఊరికి నెట్ వచ్చినట్టే, కాయితం మీద టిక్కు పడ్డట్టే. గని ఆ డబ్బాకు కరెంటు గావాలె, బ్యాటరీ గావాలె, ఆఫీసు తాళం తీసేటోడు గావాలె. 2022 జూలైల గోదారి మంథనిలకే జొచ్చింది యాదికుంది గదా. తీగల ఉండేది అద్దం, గసొంటి వరదను తట్టుకుంటది. డబ్బా తట్టుకోదు. ఎత్తుల పెట్టుండ్రి అని ఇంజినీర్లకు చెప్పేటంతటోన్ని కాను గని, చెప్తున్న.

డబ్బా కాడికెల్లి ఒక్క పోగును చీల్చి ముప్పై రెండు ఇండ్లకు ఇయ్యొచ్చు. ఇచ్చేదెవలు? ఊర్లె ఆ పని తెలిసింది కేబుల్ టీవీ తమ్మి ఒక్కడే. ఏ ఇంటోళ్లు గోడ మీదికెల్లి తీగ పోనియ్యరు, ఏ ఇంటోళ్లు నెల పైసలు పండుగ దాంక ఆపుతరు, అంతా ఆయిన నోటిమీదనే ఉంటది. ఈ కొస పని ఆస్ట్రేలియా అసొంటి దేశానికే తిప్పలు పెట్టింది: 2009ల శానా మట్టుకు ఇండ్లన్నిటికి ఫైబర్ అన్నరు, 2013ల సర్కారు మారి శానా కాడ పాత రాగి తీగలే చాలన్నది, తర్వాత మల్ల ఫైబరే ఏసుకోవట్టిరి.

"ఇండ్ల మీదికెల్లి పోయే తీగకు కోతులతోని ఎట్ల తమ్మీ?" అని మా కేబుల్ తమ్మిని అడిగిన.

"పాత కేబుల్‌కైతే ఫికర్ లేకుండె అన్నా. కోతి తెంపితే నేను పండ్లతోని పైతోలు కొరికి, రెండు కొసలు మెలిపెట్టి, టేపు సుడితే సీరియల్ టైముకు టీవీ అచ్చేది. గిది ఎంటికంత అద్దం పోగు. కరిగించి అతికే మిషన్ గావాలె. అది అచ్చేదాంక ఊరంత నన్నే తిడ్తది. మండలానికి ఒకటన్న మిషన్ ఇప్పియ్యమనున్రి. ఎక్కేటందుకు నిచ్చెన నా కాడ ఉండనే ఉన్నది."