వృత్రునికి రెక్కలెక్కడివి?

"మామయ్యా, వృత్ర మంచివాడా, చెడ్డవాడా?"

ఆషాఢమాసంలో ఒక సాయంత్రం పక్కింటి కుర్రవాడు వచ్చి ఈ ప్రశ్న వేశాడు. మా ఉతై చుట్టుపట్ల నాట్లకు నీరు చాలక రైతులు ఆకాశం వంక చూస్తున్న రోజులవి. కుర్రవాడికి ఆ చింత లేదు. వాడి తాత ఉక్కు కర్మాగారంలో ఉద్యోగానికి శ్రీకాకుళం ప్రాంతం నుంచి భిలాయి వచ్చినవాడు. తండ్రి ఇక్కడే పుట్టాడు. మనవడి దగ్గరకు వచ్చేసరికి తెలుగు నోట మిగిలింది గాని కంటికి దూరమైంది; మాట్లాడతాడు, చదవలేడు. అటువంటివాడి నోట వృత్రుని పేరు వినగానే ఏ పురాణ కాలక్షేపానికో వెళ్ళి వచ్చాడనుకుని సంతోషించాను. కాదట. ఫైనల్ ఫాంటసీ అనే జపాను కంప్యూటర్ ఆటలో వృత్రుడొక డ్రాగన్.

"చెడ్డవాడే. అసురుడు. ఇంద్రుని చేతిలో చచ్చాడు" అన్నాను.

"మా ఆటలో ఆయన జనాన్ని కాపాడతాడు" అని వాడు చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయాడు. వాడు "ఆయన" అన్నాడు. నేను "చచ్చాడు" అన్నాను. ఈ తేడా రాత్రి పడుకోబోయే ముందు గాని నాకు తట్టలేదు.

మరునాడు వాణ్ణి పిలిచి ఆ ఆట సంగతి చెప్పించుకున్నాను. దీని మొదటి భాగం 1987లో వచ్చింది. నాటి నుంచి నేటి వరకు దాదాపు ప్రతి భాగమూ వేరొక లోకం, వేరొక కథ. కాని దేశదేశాల పురాణాల నుంచి తెచ్చిన పేర్లు మాత్రం మళ్ళీ మళ్ళీ కనిపిస్తాయి. అరబ్బుల గాథలలో లోకభారాన్ని మోసే మహామత్స్యం బహమూత్. 1970లలో అమెరికాలో పుట్టిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆట దానిని డ్రాగన్లకు రాజును చేసింది. జపాను ఆటలో అది ఆ రూపంతోనే స్థిరపడింది. శివుని పేరు ఒక మంచు సుందరికి పెట్టారు. అర్ధనారీశ్వరుణ్ణి తలచుకుని ఊరడిల్లాను.

వృత్రుడు ఈ ఆటలో ముందుగా 2002లో వచ్చిన పదకొండవ భాగంలో కనిపిస్తాడు. ఒక పూర్వరాజు సమాధిలో పొంచి ఉండే భీకరమైన డ్రాగన్. ఆటగాళ్ళు గుంపుగా చేరి వధించవలసిన శత్రువు. 2021 డిసెంబరులో పద్నాలుగవ భాగానికి చేర్చిన ‘ఎండ్‌వాకర్’ అనే కథలో అదే పేరుగల డ్రాగన్ పూర్తిగా మరొకడు. భారతదేశపు ఛాయలు గల ఒక ద్వీపానికి అతడు పాలకుడు. తన రూపం చూసి ప్రజలు బెదురుతారని తాను తెరచాటున ఉండి, బాలుని ఆకారంలో చేయించిన ఒక బొమ్మ ద్వారా మాట్లాడతాడు. ప్రళయం ముంచుకొచ్చినప్పుడు దాపరికం మాని ప్రజల ముందుకు వస్తాడు. వారు పారిపోరు. అతనికి అజ్దాయా అని ఒక సోదరి ఉన్నది. ఆ పేరు పారశీకుల ‘అజ్దహా’ నుంచి వచ్చింది. వారి ప్రాచీన భాషలోని ‘అజి’, మన వేదంలోని ‘అహి’ ఒకే మూలం నుంచి పుట్టినవి. రెండింటికీ పాము అనే అర్థం. ఆ లెక్కన వీరు మాటల వంశవృక్షంలో కూడా తోబుట్టువులే!

ఇక మన వృత్రుని మాట. ఋగ్వేదం మొదటి మండలం ముప్పైరెండవ సూక్తంలో అతడు నీళ్ళను అడ్డగించి కొండ మీద పడుకున్న అహి. కాళ్ళు లేవు, చేతులు లేవు. సూక్తమే ఆ మాట చెబుతున్నది. ఇంద్రుడు వజ్రంతో కొట్టగానే నీళ్ళు అంబారవాలు చేసే ఆవుల్లా సముద్రం వైపు పరుగెత్తాయి. మరి పాముకు నాలుగు కాళ్ళు, రెండు రెక్కలు ఎలా వచ్చాయి? కొంత బాధ్యత మా అనువాదకులదే. కాశీలో కళాశాల ప్రిన్సిపాలుగా పనిచేసిన రాల్ఫ్ గ్రిఫిత్, 1889 నుంచి వెలువడిన తన ఋగ్వేదానువాదంలో ‘అహి’ని ‘డ్రాగన్’ అన్నాడు. ఇంగ్లీషు పాఠకుడికి ఆ మాట వినగానే రెక్కలు, పంజాలు, నిప్పులు కక్కే నోరు కళ్ళకు కడతాయి. తెలుగు బైబిలు అనువాదకులు అదే ‘డ్రాగన్’ అనవలసిన చోట ‘ఘటసర్పము’ అని, ఆ జంతువును మళ్ళీ పాముల కోవలో చేర్చారు. నేనైనా అదే మాట వాడి ఉండేవాణ్ణి.

వృత్రుడెవరన్న సందేహం కొత్తది కాదు. యాస్కుడు నిరుక్తంలో ఈ ప్రశ్న వేసి, మేఘమని నైరుక్తులూ, త్వష్ట కుమారుడైన అసురుడని ఐతిహాసికులూ అంటారని రెండు సమాధానాలనూ పక్కపక్కన పెట్టి ఊరుకున్నాడు. అతని పుట్టుక కథ వింటే మావంటివారికి వెన్నులో చలి పుడుతుంది. కొడుకును చంపిన ఇంద్రుని మీద పగతో త్వష్ట హోమం చేస్తూ ‘ఇంద్రశత్రు’ అన్న సమాసాన్ని ఉచ్చరించాడు. ఉదాత్తం చివర పడితే తత్పురుష: ఇంద్రుని చంపేవాడు. మొదట పడితే బహువ్రీహి: ఇంద్రుడే తనను చంపేవాడుగా గలవాడు. స్వరం తప్పింది, కొడుకు చావవలసినవాడుగా పుట్టాడు. స్వరదోషం తెచ్చే కీడుకు పాణినీయ శిక్ష దీనినే ఉదాహరణగా చూపిస్తుంది.

త్వష్టది స్వరదోషం. నాది అంతకంటె మోటు తప్పు. చాలా ఏళ్ళ క్రితం ఇంగ్లీషు నుంచి పిల్లలకోసం తెనిగించిన ఒక పురాణకథల పుస్తకంలో నేను ‘దుష్ట వృత్రాసురుడు’ అని రాశాను. కుర్రవాడు వెళ్ళిన తరువాత అనుమానం వచ్చి మూలం తీసి చూశాను. అందులో ‘దుష్ట’ లేదు. అసుర శబ్దం వెనుక ఆ విశేషణం దానంతటదే వచ్చి నిలబడింది, నా చేత్తోనే.

ఆ రాత్రి భాగవతం షష్ఠస్కంధం తెరిచాను. పోతన పేరిట మనం చదువుకునే గ్రంథంలో ఈ స్కంధాన్ని తెలుగు చేసినవాడు ఏర్చూరి సింగన. కాలేజీ రోజుల్లో షేక్స్పియర్ మత్తులో ఉండి పుటలు తిరగవేసినదే తప్ప నిదానించి చదివినది లేదు. యుద్ధంలో ఇంద్రుని చేతి నుంచి వజ్రం జారిపోతుంది. సిగ్గుతో తీసుకోలేక నిలబడితే, తీసుకుని యుద్ధం చెయ్యమని ధైర్యం చెప్పేవాడు వృత్రుడే. చావు ఎదుట నిలిచి అతడు చేసిన విష్ణుస్తుతికి సంస్కృత మూలంలో రెక్కలు రాని పక్షిపిల్లలు తల్లి కోసం, ఆకలిగొన్న దూడలు పాల కోసం ఎదురుచూడటం ఉపమానాలు. ఋగ్వేద సూక్తంలో కూలిన వృత్రుని మీద తల్లి దానువు దూడతో ఉన్న ఆవులా పడి ఉంటుంది. ఆ దూడే ఇక్కడికి నడిచి వచ్చిందా అనిపించింది నాకు. పూర్వజన్మలో అతడు చిత్రకేతుడనే రాజు. పార్వతి శాపాన్ని ఎదురుచెప్పకుండా తలవంచి స్వీకరించి అసురుడుగా పుట్టాడు. దధీచి ఎముకలతో చేసిన వజ్రానికి అతని కంఠం తెగడానికి ఏడాది పట్టింది. గెలిచిన ఇంద్రుడో, బ్రహ్మహత్య తరుముతుంటే తామరతూడులో దూరి దాక్కున్నాడు.

వేదంలో వధ్యుడు, భాగవతంలో భక్తుడు. ఆ ఆటలో 2002లో శత్రువు, 2021లో రక్షకుడు. మనకు యుగాలు పట్టిన దారిని జపానువారు పందొమ్మిదేళ్ళలో నడిచారు. నేనేమో మొదటి మజిలీలోనే కూర్చుండిపోయి, ఆ చివరి నుంచి వచ్చిన పిల్లవాణ్ణి కసిరి పంపాను.

మరుసటి ఆదివారం వాణ్ణి కూర్చోబెట్టి యుద్ధఘట్టం చదివి అర్థం చెప్పాను. వజ్రం తీసుకోమన్న చోట వాడు "చూశావా మామయ్యా!" అన్నాడు. తరువాత ఆ ఆటలో ఇంగ్లీషున పేరు రాసిన తీరు చూపించాడు. మొదటి నాలుగు అక్షరాల్లో అచ్చు అన్నది లేదు. వాడు ‘వర్‌ట్రా’ అంటున్నాడు. కాగితం మీద ‘వ’ రాసి, కింద వట్రసుడి పెట్టి పలికించాను. వాడికి ఆ వంకర బాగా నచ్చింది.

నా పాత పుస్తకానికి కొత్త ముద్రణ వేస్తున్నట్లు ఈ మధ్యనే ప్రచురణకర్తల నుంచి ఉత్తరం వచ్చింది. ‘దుష్ట’ తీసివేయమని రాశాను. ఆ చోట ఏ మాట పెట్టమంటారని వారు మళ్ళీ అడిగారు. ఏమీ పెట్టవద్దన్నాను.