ఫొటోలు నిండితే మెయిల్ ఆగుతుంది

జగ్గయ్యపేట, నందిగామల్లో ఉండి ఉద్యోగాలకు దరఖాస్తు పెడుతున్నారా? మీ జీమెయిల్‌లో ఖాళీ ఎంతుందో చూసుకోండి. గూగుల్ ఫొటోస్‌లో ఉచితంగా ఎన్నైనా దాచుకునే వెసులుబాటు 2021 జూన్ 1తో పోయింది. అప్పట్నుంచి ఎక్కించే ఫొటోలు, డ్రైవ్ ఫైళ్లు, మెయిళ్లు అన్నీ 15 జీబీలోనే సర్దుకోవాలి. అది నిండిందా, కొత్త మెయిళ్లూ రావు. ఇంటర్వ్యూ పిలుపు వెనక్కి పోయినా మీకు తెలియదు!

పోనీ కంప్యూటర్‌లోనే ఉంచుదామంటే, 2023 జులైలో మునేరు వరద ఐతవరం దగ్గర హైవేనే ముంచేసింది. ఇంట్లో కంప్యూటర్ ఎంత? ఫొటోలకు వేరే ఖాతా తెరిచి, కంప్యూటర్‌లోంచి అందులోకి ఎక్కించండి. అన్నీ చేరాయని చూసుకున్నాకే పాత ఖాతాలో తీసేయండి. కొత్తదాన్ని రెండేళ్లు ముట్టుకోకపోతే గూగుల్ తొలగించవచ్చు, అప్పుడప్పుడు తెరుస్తుండండి.