ట్రిపుల్ ఐటీలో ఆరేళ్లు: ఏం వచ్చింది.. ఏం పోయింది? పాత బ్యాచ్‌ల మాటల్లో అసలు లెక్క ఇదీ!

పదో తరగతి ఫలితాలు రాగానే పల్లెల్లో వినిపించే మాట ఒక్కటే.. 'ట్రిపుల్ ఐటీలో సీటు వస్తుందా?' మరి ఆ సీటు తెచ్చుకుని, ఆరేళ్లు చదివి బయటికొచ్చినవాళ్లు ఏమంటున్నారు? ఒకసారి చూద్దాం.

ఆర్జీయూకేటీ మొదలైంది 2008లో. వైఎస్ రాజశేఖర్ రెడ్డి ముఖ్యమంత్రిగా ఉండగా నూజివీడు, ఇడుపులపాయ, బాసరలో క్యాంపస్‌లు పెట్టారు. ట్యూరింగ్ అవార్డు అందుకున్న మన తెలుగువాడు రాజ్ రెడ్డి తొలి ఛాన్స్‌లర్. 2014లో రాష్ట్ర విభజనతో బాసర తెలంగాణకు వెళ్లింది. ఏపీలో ఆ తర్వాత ఒంగోలు, శ్రీకాకుళం క్యాంపస్‌లు వచ్చాయి.

ఎంట్రన్స్ లేదు.. అదే అసలు బలం

ఇక్కడ సీటుకు పదో తరగతి మార్కులే ఆధారం. ప్రభుత్వ బడిలో చదివిన పిల్లలకు అదనపు వెసులుబాటు కూడా ఉంటుంది. రెండేళ్లు పీయూసీ, నాలుగేళ్లు బీటెక్.. అన్నీ ఒకే చోట. అంటే ఇంటర్‌కి కార్పొరేట్ కాలేజీ ఫీజు కట్టలేని రైతు, కూలీ ఇంటి పిల్లలకూ ఇంజినీరింగ్ దారి తెరుచుకున్నట్టే. పాత విద్యార్థులు మొదట గుర్తు చేసుకునేదీ ఇదే. చేతికి తొలి ల్యాప్‌టాప్ వచ్చింది అక్కడే అని చెప్పేవాళ్లు ఎందరో. 'దూరం పంపం' అనే ఇళ్ల నుంచి కూడా ఆడపిల్లలు బీటెక్ దాకా చదివారంటే, గవర్నమెంట్ క్యాంపస్, లోపలే హాస్టల్ అన్న ధీమా వల్లే.

మరి ఇబ్బంది ఎక్కడ?

పదిహేనేళ్లకే ఇల్లు వదిలి వెళ్లాలి. అప్పటిదాకా తెలుగు మీడియం, ఒక్కసారిగా అంతా ఇంగ్లిష్. ఊళ్లో ఫస్ట్ వచ్చిన పిల్లాడు, అందరూ ఫస్ట్ వచ్చినవాళ్లే ఉన్న క్లాసులో కూర్చుంటాడు. తొలి సెమిస్టర్‌లో మార్కులు తగ్గితే ఇంట్లో చెప్పుకోలేడు. ఔట్‌పాస్ లేనిదే గేటు దాటలేడు. అందుకే చాలామంది పాత విద్యార్థులు సబ్జెక్టుల కంటే పీయూసీ మొదటి ఏడాది ఒంటరితనాన్నే ఎక్కువగా గుర్తు చేసుకుంటారు. ఈ క్యాంపస్‌ల నుంచి విద్యార్థుల ఆత్మహత్యల వార్తలు వచ్చిన ప్రతిసారీ కౌన్సెలర్లు కావాలన్న డిమాండ్ తెరపైకి రావడానికి కారణం ఇదే.

2022 జూన్‌లో బాసర విద్యార్థులు ఎండకు, వానకు తట్టుకుని వారం పాటు బైఠాయించారు. వాళ్లేమీ గొంతెమ్మ కోర్కెలు కోరలేదు. రెగ్యులర్ వీసీ, సరిపడా అధ్యాపకులు, సరైన మెస్, ల్యాప్‌టాప్‌లు.. ఇవే డిమాండ్లు. అప్పటి విద్యాశాఖ మంత్రి సబితా ఇంద్రారెడ్డి క్యాంపస్‌కు వచ్చి మాట్లాడాకే ఆందోళన విరమించారు. గమనించాల్సిన విషయం ఏంటంటే, తొలి బ్యాచ్‌లకు చేరగానే అందిన ల్యాప్‌టాప్ కోసం తర్వాతి బ్యాచ్‌లు ధర్నా చేయాల్సి వచ్చింది.

అన్నలు, అక్కలు చెప్పేది ఎవరు వింటారు?

2008లో చేరిన తొలి బ్యాచ్ బీటెక్ పూర్తి చేసింది 2014లో. అంటే ఈ చదువు జీవితంలో ఎంతవరకు పనికొచ్చిందో చెప్పగలిగినవాళ్లు ఇప్పుడు బోలెడుమంది. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్లున్నారు, సర్కారు కొలువులు కొట్టినవాళ్లున్నారు, ఇంకా కోచింగ్ సెంటర్ల చుట్టూ తిరుగుతున్నవాళ్లూ ఉన్నారు. అయినా ప్లేస్‌మెంట్ ప్యాకేజీ వార్తల్లో మొదటి రకమే కనిపిస్తారు. మూడో రకం వాళ్లను పిలిచి 'ఎక్కడ తేడా కొట్టింది?' అని అడిగితేనే లోపం దొరుకుతుంది.

చేయాల్సినవి పెద్ద ఖర్చు పనులేం కావు. పీయూసీలో చేరగానే ఇంగ్లిష్‌కు బ్రిడ్జి కోర్సు, ప్రతి కొత్త విద్యార్థికి సీనియర్ల తోడు, హాస్టల్‌లోనే కౌన్సెలర్. వీటికి కావాల్సింది శ్రద్ధ. ఇక అధ్యాపకుల ఖాళీల భర్తీ అంటారా, అది ప్రభుత్వాలు తేల్చాల్సిన లెక్క.

ఈసారి మీ ఇంట్లో ఎవరికైనా సీటు వస్తే సంబరపడండి, తప్పులేదు. కానీ పెట్టె సర్దే ముందు అక్కడ చదివి వచ్చిన అన్ననో, అక్కనో ఒక్కసారి కలిపించండి. మొదటి ఏడాది ఎలా ఉంటుందో వాళ్లకే తెలుసు.